జీతాల రోజున పనిచేయని టోకెన్: బ్యాంకు ఇచ్చిన భద్రతా పరికరం చెడిపోతే ఖాతాదారు ఏం చేయాలి?

ప్రశ్న: జీడిమెట్ల నుంచి, చిన్న పరిశ్రమ నడుపుతున్న మహిళ

అందరికీ నమస్కారం. జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్‌ను మా అన్నయ్యా నేనూ భాగస్వాములుగా నడుపుతున్నాం. ఇరవై ఆరుగురు పనివాళ్లున్నారు. మా కరెంటు ఖాతాకు బ్యాంకు ఇచ్చిన కార్పొరేట్ నెట్‌బ్యాంకింగ్‌లో ప్రతి చెల్లింపునూ ఒకరు నమోదు చేయాలి, మరొకరు ఆమోదించాలి. నమోదు చేసేవారిని మేకర్ అనీ, ఆమోదించేవారిని చెకర్ అనీ అంటారు. మే నెలాఖరు వరకు మేకర్‌గా మా అకౌంటెంటు ఉండేవారు. ఆయన మానేయడంతో నా పేరున ఉన్న యూజర్ ఐడీని, దానికి ఇచ్చిన టోకెన్‌ను సొరుగులోంచి బయటికి తీశాను. తాళాల గుత్తికి తగిలించుకునేంత చిన్న పరికరం అది. మీట నొక్కితే తెర మీద ఆరంకెల సంఖ్య కనిపిస్తుంది, పాస్‌వర్డ్ తరువాత దాన్ని కూడా నమోదు చేస్తేనే లోపలికి వెళ్లగలం. జనవరి చివర ఒకసారి వాడి చూశాను, అప్పుడు చక్కగా పనిచేసింది.

జూన్ 5వ తేదీ రాత్రి జీతాల ఫైలు ఎక్కించడానికి కూర్చున్నాను. టోకెన్ సంఖ్య స్పష్టంగానే కనిపించింది, ఒక్క అంకె కూడా తప్పు కొట్టలేదు, అయినా చెల్లదన్నది. మూడుసార్లు ప్రయత్నించాక యూజర్ ఐడీయే లాక్ అయింది. మర్నాడు ఉదయం అన్నయ్య తన టోకెన్ మీట నొక్కితే తెర మీద ఏమీ కనిపించలేదు. ఆ రోజు కస్టమర్ కేర్‌తో నలభై నిమిషాలు మాట్లాడితే ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లమన్నారు. బ్రాంచికి వెళితే, ఈ పరికరాలు తమ చేతిలో లేవనీ, కేంద్ర కార్యాలయం నుంచి రావాలనీ, భాగస్వాములిద్దరి సంతకాలతో దరఖాస్తు ఇస్తే పది నుంచి పదిహేను పనిదినాలు పడుతుందనీ చెప్పారు. అప్పటిదాకా జీతాలెలా ఇవ్వాలని అడిగితే, అది తమ పరిధిలోని విషయం కాదన్నారు.

మావంటి చిన్న యూనిట్లు ఏడో తేదీ దాటకుండా జీతాలివ్వాలన్నది 1936 నాటి వేతన చెల్లింపు చట్టం కాలం నుంచీ ఉన్న గడువు. చట్టం మాట అటుంచినా, షాపూర్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని, మిగిలినదంతా శ్రీకాకుళానికీ ఒడిశాకూ పంపించే మనుషులు మా దగ్గర పనిచేస్తున్నారు. స్కూళ్లు తెరిచే రోజులివి. ఖాతాలో డబ్బు ఉండి కూడా వాళ్ల ఎదుట చేతులు కట్టుకుని నిలబడవలసి రావడం నాకు చాలా బాధగా ఉంది. దొంగ రాకుండా తాళం వేసుకొమ్మన్నవారు, తాళంచెవి విరిగిన రోజున ఇంటివాళ్లు ఎక్కడ నిలబడాలో ముందే చెప్పాలి కదా.

నా సందేహాలు ఇవి. బాగానే ఉన్నట్టు కనిపిస్తున్న నా పరికరం తప్పు సంఖ్య ఎందుకు చూపిస్తోంది? కొత్తవి వచ్చేలోగా జీతాలు చెల్లించే దారి ఏదైనా ఉందా? ఈ పరికరాలను వదిలేసి మొబైల్ యాప్‌కు మారడం మంచిదా?

జవాబు: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, ఈసీఐఎల్ చౌరస్తా

అమ్మా, మీ టోకెన్ చెడిపోలేదని నా అంచనా. దాని గడియారం బ్యాంకు గడియారం కన్నా ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది.

ఇలాంటి పరికరాల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్‌తో గానీ బ్యాంకుతో గానీ మాట్లాడవు. తయారీ సమయంలోనే ఒక రహస్య సంఖ్యను లోపల భద్రపరుస్తారు, అదే సంఖ్య బ్యాంకు సర్వర్‌లోనూ ఉంటుంది. రెండు వైపులా ఆ రహస్యాన్నీ అప్పటి సమయాన్నీ కలిపి ఒకే లెక్క వేస్తే ఒకే ఆరంకెలు వస్తాయి. ఈ పద్ధతికి 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6238 పేరుతో ప్రమాణం కూడా వచ్చింది. సంఖ్య సాధారణంగా ముప్ఫై లేదా అరవై సెకన్లకొకసారి మారుతుంది. అంటే పరికరానికి సరైన సమయం తెలియాలి, తెలుసుకోవడానికి దానికున్న ఆధారం లోపలి క్వార్ట్జ్ స్ఫటికం ఒక్కటే.

చేతి గడియారాల్లో ఉండే ఆ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అందులో పది లక్షలకు ఇరవై వంతుల తేడా ఉండడం మామూలు. వినడానికి చాలా స్వల్పమనిపించినా, లెక్క వేస్తే అది రోజుకు సుమారు 1.7 సెకన్లు, మీరు వాడకుండా ఉంచిన నాలుగు నెలల పైచిలుకు కాలానికి మూడున్నర నిమిషాలు, ఏడాదికి పది నిమిషాలు అవుతుంది. పైగా ఈ రకం స్ఫటికం 25 డిగ్రీల దగ్గర నిలకడగా నడిచి, అంతకన్నా వేడెక్కినా చల్లబడినా కొద్దిగా వెనకబడుతుంది. 45 డిగ్రీల వేడిలో పది లక్షలకు మరో పదమూడు పద్నాలుగు వంతులు తగ్గుతుంది. మీ ఆఫీసు గది రేకుల కప్పు కిందే ఉండి, టోకెన్ వేసవి అంతా అక్కడి సొరుగులోనే ఉండి ఉంటే, ఆ వేడి కూడా తన వంతు పని చేసి ఉంటుంది.

క్రమం తప్పకుండా వాడే టోకెన్‌కు ఈ ఇబ్బంది రాదు. లాగిన్ అయిన ప్రతిసారీ అది ఎన్ని సెకన్లు తేడాగా ఉందో సర్వర్ గుర్తించి, తరువాతి లెక్కలో సర్దుకుంటుంది. నెలల తరబడి వాడకపోతే సర్వర్‌కు ఆ సమాచారం అందదు, తేడా సర్వర్ అనుమతించే హద్దు దాటిపోతుంది. అందుకే మీరు సరిగ్గా కొట్టిన అంకెలే చెల్లకుండా పోయాయి.

ముందు మీ ఐడీ లాక్ తీయించుకుని, ఆ తరువాత టోకెన్‌ను రీసింక్ చేయమని అడగండి. ఆ మాటనే వాడండి, ఎందుకంటే ‘టోకెన్ పనిచేయడం లేదు’ అంటే కొత్త పరికరానికి దరఖాస్తు పెట్టమంటారు. వెంటవెంటనే వచ్చే రెండు సంఖ్యలను మీ చేత చెప్పించుకుని గానీ, తెర మీద నమోదు చేయించి గానీ సర్వర్ తన లెక్కను సరిచేసుకుంటుంది. ఐదు నిమిషాల పని. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ రెండు సంఖ్యలను మీరు స్వయంగా బ్యాంకు నంబరుకు ఫోన్ చేసినప్పుడో, బ్రాంచిలో కూర్చున్నప్పుడో మాత్రమే ఇవ్వండి. మీకు ఫోన్ చేసి అడిగినవారికి ఎన్నడూ చెప్పకండి.

మీ అన్నగారి టోకెన్‌ది వేరే సమస్య, అది బ్యాటరీ అయిపోవడం. ఈ పరికరాల్లో బ్యాటరీ మార్చడానికి వీలులేకుండా సీలు వేసి ఇస్తారు, విప్పితే పనికిరావు. దానికి కొత్తది రావలసిందే. చాలా పరికరాల వెనుక గడువు తేదీ ముద్రించి ఉంటుంది, ఒకసారి చూడండి.

జవాబు: విశ్రాంత బ్యాంకు అధికారి, నల్లకుంట

అమ్మా, ముందు జీతాల సంగతి చూద్దాం, మిగతావన్నీ తరువాత మాట్లాడుకోవచ్చు. నెట్‌బ్యాంకింగ్ ఆగిపోతే ఖాతా ఆగిపోయినట్టు కాదు. మీ లెటర్‌హెడ్ మీద పనివాళ్ల పేర్లు, ఖాతా సంఖ్యలు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు, ఎవరికెంత అన్న జాబితా రాసి, మొత్తానికి ఒకే చెక్కు జతచేసి, ఖాతా నిబంధన ప్రకారం ఇద్దరూ సంతకాలు చేసి బ్రాంచిలో ఇవ్వండి. వాళ్లే అందరి ఖాతాలకూ నెఫ్ట్ ద్వారా పంపుతారు. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది, అరగంటకొక విడత వెళుతుంది కనుక, ఉదయం ఇస్తే సాయంత్రానికి డబ్బు చేరుతుంది. చెక్కుతో ఇలా పంపించడం బ్రాంచిలో ప్రతివారికీ తెలిసిన పనే. మీరు అడిగినప్పుడే ఈ మాట చెప్పి ఉండవలసింది. నేను కౌంటరు వెనుక ఉన్న కాలంలో కూడా ‘పై ఆఫీసు నుంచి రావాలి’ అన్న జవాబు చాలామందికి ఇచ్చాను, ఆ జవాబుతో వెనుదిరిగిన మనిషి ఆ రోజు ఎలా గడుపుతాడన్నది అప్పుడు తగినంతగా ఆలోచించలేదు.

ఆలస్యానికి కారణం కూడా కొంత చెబుతాను. ప్రతి టోకెన్‌కూ వరుస సంఖ్య ఉంటుంది. దాన్ని మీ యూజర్ ఐడీకి జతచేసే అధికారం బ్రాంచికి ఇస్తే, బ్రాంచిలోని ఒక్క మనిషి చాలు ఖాతాను దోచడానికి. అందువల్ల ఆ పని వేరొక చోట, వేరొకరి పరిశీలనతో జరగడం సబబే. అయితే పదిహేను పనిదినాలంటే మూడు వారాలు. ఆ మూడు వారాలకు తాత్కాలిక ఏర్పాటు చూపించకపోవడం బ్యాంకు లోపమే తప్ప భద్రతా నియమం కాదు.

ఇకమీదట ఒక్క చెకర్ మీదే ఆధారపడకండి. ‘ఇద్దరిలో ఎవరైనా ఆమోదించవచ్చు’ అని రెండో చెకర్‌ను పెట్టుకోవచ్చు, దానికి భాగస్వాముల లేఖ సరిపోతుంది. అలాగని ఒకే మనిషి దగ్గర రెండు టోకెన్లూ ఉంచడం మాత్రం చేయకండి. చాలా ఆఫీసుల్లో యజమాని టోకెన్ అకౌంటెంటు సొరుగులోనే ఉండడం నేను కళ్లారా చూశాను, అప్పుడు మేకర్, చెకర్ అన్న విభజనకు అర్థమే ఉండదు.

ఫిర్యాదు నోటిమాటగా వదిలేయకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సైఫాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకు కార్యాలయానికే వెళ్లి ఇవ్వాలన్న పని లేదు, ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

జవాబు: కూకట్‌పల్లి నుంచి

నేను భిన్నంగా ఆలోచిస్తాను. నాకూ ఇలాంటి పరికరమే ఇచ్చారు, రెండేళ్లలో రెండుసార్లు మార్చవలసి వచ్చింది, రెండుసార్లూ రుసుము కట్టాను. ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో మరిచిపోయి ఒక పెద్ద సరఫరాదారుకు మాట తప్పాను. ఫోన్ అలా కాదు, ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది, ఛార్జింగ్ పెట్టుకోవచ్చు, పాడైతే సాయంత్రానికి కొత్తది కొనుక్కోవచ్చు. ఇప్పుడు చాలా బ్యాంకులు యాప్‌లోనే టోకెన్ ఇస్తున్నాయి. ఒక్క పని కోసం ఒక పరికరాన్ని మోయవలసిన కాలం పోయిందని నా అభిప్రాయం.

జవాబు: సికింద్రాబాద్, జనరల్ బజార్ దగ్గర దుకాణం

పరికరమా, ఫోనా అన్న చర్చకు ముందు నాకు జరిగింది చెప్పాలి. నిరుడు ఒక మధ్యాహ్నం, దుకాణం నిండా జనం ఉన్న సమయంలో ఫోన్ వచ్చింది. మీ టోకెన్ గడువు ఈ రోజుతో ముగుస్తోంది, పొడిగించాలంటే తెర మీది సంఖ్య చెప్పండి అన్నారు. నా పేరు, ఖాతా ఉన్న బ్రాంచి, టోకెన్ రంగు కూడా వాళ్లే చెప్పారు. నేను సంఖ్య చెప్పాను. కొన్ని క్షణాల తరువాత మళ్లీ అడిగితే రెండోదీ చెప్పాను. నా పాస్‌వర్డ్ అంతకుముందే ఒక నకిలీ లింకు ద్వారా వాళ్లకు చేరిందని తరువాత అర్థమైంది. సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయడం వల్ల కొంత సొమ్ము మధ్యలోనే ఆగింది, మిగతాది పోయింది. ఇంట్లో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తరువాత బ్యాంకు వాళ్లు ‘సంఖ్య మీరే చెప్పారు’ అన్నారు. నిజమే, నేనే చెప్పాను. అయితే నా ప్రశ్న ఒకటుంది. నేను చెప్పిన ఆరంకెల్లో ఎవరికి పంపుతున్నారు, ఎంత పంపుతున్నారు అన్నది ఎక్కడా లేదు. ఆ క్షణానికి ఆ సంఖ్య దేనికైనా చెల్లుతుంది. ఖాళీ చెక్కు మీద సంతకం లాంటిది అది. ఇలాంటి పరికరం దొంగను ఆపడం కన్నా నన్ను ఎక్కువగా ఆపుతోందని అనిపిస్తుంది. సాంకేతికంగా దీనికి మార్గం లేదా?

జవాబు: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, ఈసీఐఎల్ చౌరస్తా

సికింద్రాబాద్ సోదరా, మీ నష్టానికి చింతిస్తున్నాను. మీ ప్రశ్న సరైనది. మార్గం ఉంది, కొత్తది కూడా కాదు. బ్రిటన్‌లో బార్‌క్లేస్ బ్యాంకు 2007లో పిన్‌సెంట్రీ అనే పరికరాన్ని ఖాతాదారులకు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో కార్డు పెట్టి పిన్ కొట్టాలి, కొత్తవారికి చెల్లించేటప్పుడు గ్రహీత ఖాతా వివరమూ మొత్తమూ పరికరంలోనే నమోదు చేయాలి. వచ్చే సంఖ్య ఆ ఖాతాకు, ఆ మొత్తానికి మాత్రమే చెల్లుతుంది. దొంగ దాన్ని సంపాదించినా వేరే ఖాతాకు మళ్లించలేడు. ఐరోపా సమాఖ్య ఈ రకమైన ముడిని ఆన్‌లైన్ చెల్లింపులకు 2019 సెప్టెంబరు 14 నుంచి తప్పనిసరి చేసింది. దానికీ విసుగు ఉంది, పది పన్నెండు అంకెలు చిన్న మీటల మీద కొట్టాలి. కానీ ఆ విసుగుకు ప్రతిఫలంగా నిజమైన రక్షణ దొరుకుతుంది. మన చేతిలోని ఒంటిమీట టోకెన్‌లో విసుగు ఉంది గానీ అంత రక్షణ లేదు, నాకు బాధ కలిగించేది అదే.

మన దగ్గర కూడా రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో డిజిటల్ చెల్లింపుల ధ్రువీకరణపై ఆదేశాలు ఇచ్చింది. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. కార్డును ఎదుట ఉంచి చేసే చెల్లింపులు మినహా, రెండు ధ్రువీకరణల్లో ఒకటైనా ఆ లావాదేవీకే ప్రత్యేకమైనదిగా ఉండాలని అందులో ఉంది. ఆ ఆదేశాలను పాటించకుండా జరిగిన లావాదేవీలో నష్టం వస్తే ఖాతాదారుకు పూర్తిగా పరిహారం ఇవ్వాలని కూడా ఉంది. ఒంటిమీట టోకెన్ ఇచ్చిన ప్రతి బ్యాంకునూ ఖాతాదారులు అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ సంఖ్య నా చెల్లింపుకు ఎలా ముడిపడి ఉంది?

కూకట్‌పల్లి వారు చెప్పిన యాప్‌లో ఒక సుగుణం ఉంది. మొత్తాన్నీ గ్రహీత పేరునూ తెర మీద చూపించి ఆమోదం అడగగలదు. అయితే నెట్‌బ్యాంకింగ్ తెరిచేదీ ఆ ఫోన్‌లోనే, ఆమోదించేదీ ఆ ఫోన్‌లోనే అయితే, ఫోన్‌లోకి దొంగ యాప్ చేరిన రోజున రెండు తాళాలూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఆఫీసు కంప్యూటర్‌లో నమోదు, ఫోన్‌లో ఆమోదం అన్న పద్ధతి పాటించగలిగితే మారండి.

జవాబు: విద్యానగర్ నుంచి ఒక అధ్యాపకుడు

నాకు చూపు లేదు. చదవడం, రాయడం, ఫోన్ వాడడం అన్నీ తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చేసుకుంటాను. ఈ పరికరం మాట్లాడదు. తెర మీది సంఖ్యను పక్కవారి చేత చదివించుకోవాలి, అంటే ఎవరికీ చెప్పకూడదన్న సంఖ్యను ప్రతిసారీ ఇంకొకరికి చూపించిన తరువాతే నా డబ్బు నేను వాడుకోగలను. మా ట్రస్టు ఖాతాకు ఈ టోకెన్ తప్పనిసరి అన్నప్పుడు నేను సంతకందారు బాధ్యత నుంచి తప్పుకోవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆన్‌లైన్ కేవైసీ అందరికీ అందుబాటులో ఉండాలంటూ, డిజిటల్ సేవలు పొందే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును ప్రస్తావిస్తూ బ్యాంకుకు లేఖ రాశాను. యాప్ ఆధారిత ఆమోదం ఇస్తామన్నారు, అది నా స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుందో లేదో పరీక్షించి చెప్పమని అడిగాను, జవాబు కోసం ఎదురుచూస్తున్నాను. పరికరమా ఫోనా అని మీరు ఎంచుకునే స్థితిలో ఉన్నారు. ఆ ఎంపిక ఉండాలన్నదే నేను కోరేది.

ప్రశ్న వేసినవారి నుంచి, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. జరిగినవి వివరంగా రాస్తున్నాను, మరొకరికి ఉపయోగపడవచ్చు.

నల్లకుంట పెద్దాయన చెప్పినట్టు 8వ తేదీ ఉదయం చెక్కు, జాబితా పట్టుకుని వెళ్లాం. మొదట సంకోచించారు గానీ మేనేజరు గారు చూసి వెంటనే ఒప్పుకున్నారు. సాయంత్రం ఐదున్నరకల్లా ఇరవై ఐదుగురికి జీతాలు చేరాయి. ఒకరి ఖాతా సంఖ్యలో మేము రాసిన అంకె తప్పు, అది మర్నాడు సరిచేశాం. ఒక్క రోజు ఆలస్యమైంది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ 7వ తేదీ సాయంత్రం పని ముగిశాక కూడా గేటు దగ్గర నిలబడి ఉన్న ముగ్గురి ముఖాలు నాకు గుర్తుండిపోయాయి.

రీసింక్ అన్న మాట అడిగితే హెల్ప్‌డెస్క్ వారికి వెంటనే అర్థమైంది. బ్యాంకు నంబరుకు నేనే ఫోన్ చేసి, ఐడీ లాక్ తీయించుకుని, వరుసగా రెండు సంఖ్యలు నమోదు చేశాను. అదే టోకెన్ ఇప్పుడు బాగా పనిచేస్తోంది. మా ఆఫీసు గదికి రేకుల కప్పే, టోకెన్ ఉన్నది కిటికీ పక్క సొరుగులో. దాన్ని ఇప్పుడు ఇంటికి తెచ్చుకుంటున్నాను, వారానికొకసారి లాగిన్ అవుతున్నాను.

అన్నయ్య కొత్త టోకెన్ పద్నాలుగో పనిదినాన వచ్చింది. మా వదినను రెండో చెకర్‌గా పెట్టాం, ఆమె టోకెన్ ఆమె దగ్గరే ఉంటుంది. సికింద్రాబాద్ వారి అనుభవం చదివాక మా ముగ్గురి మధ్యా ఒక నియమం పెట్టుకున్నాం: టోకెన్ సంఖ్యను ఒకరికొకరం కూడా ఫోన్‌లో చెప్పుకోం. విద్యానగర్ మాస్టారు రాసింది అన్నయ్యకు చదివి వినిపించాను, మా ఫిర్యాదు లేఖలో ఆ విషయాన్నీ ఒక పేరాగా చేర్చాం.

నా టోకెన్ వెనుక చూస్తే వచ్చే మార్చి అని గడువు ఉంది. ఆ తేదీకి నెల ముందే కొత్తది ఇవ్వాలనీ, చెల్లింపుకు ఈ సంఖ్య ఎలా ముడిపడి ఉందో రాతపూర్వకంగా తెలపాలనీ ఈ రోజే లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.